దీనికేం వద్దు సార్

మొన్న కల్లూరులో, మా తమ్ముడి ఇంటి వరండాలో, వికలాంగుల అవసరాల మీద పరిశోధన చేస్తున్న ఒకావిడ మా తమ్ముడి మనవరాలి ఎదురుగా చాప మీద కూర్చుని, నీకేం కావాలి తల్లీ అని అడిగినప్పుడు, చెప్పుకోవడానికి సిగ్గే గానీ, నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నపిల్ల మీద, అందులోనూ పుట్టుకతోనే కాళ్లు సరిగా లేని పిల్ల మీద అసూయేమిటని మీరు నవ్వుకోవచ్చు. పోలియో కాలితో పెరిగిన నా ఈడు వాళ్లు మాత్రం నవ్వరు.

నా చిన్నతనంలో కడప దగ్గర మా పల్లెకూ సర్వే వాళ్లు వచ్చారు. ఆదివారం ప్రార్థన అయ్యాక మమ్మల్ని చర్చి అరుగు మీద కూర్చోబెట్టి, కావాలన్న పిల్లలకు ఇనుప పట్టీల బూటు కోసం కాలి కొలతలు తీసుకున్నారు. వాళ్లు చూపించిన ఆ బూటు మీదే నా ప్రాణమంతా. అది తొడుక్కుంటే పక్క ఊరి హైస్కూలుకు నడిచిపోగలనని అప్పటికే మనసులో దారి పట్టాను. తీరా వాళ్లు నా కాలు చూసి, ఏం కావాలన్న ప్రశ్న మాత్రం మా నాయనను అడిగారు. నలుగురిలో చేయి చాచడమంటే చచ్చేంత నామోషీ ఆయనకు. "దీనికేం వద్దు సార్, యాడికి పోవల్ల ఇది?" అన్నాడు, నా తల నిమురుతూ, ఎంతో ప్రేమగా. కొలతల టేపు నన్ను దాటి పక్క పిల్ల కాలికి పోయింది, నా చదువు అక్కడితో సరి.

మొన్న మా తమ్ముడూ అచ్చం నాయనలాగే, ఆ పిల్ల బదులు తానే జవాబు చెప్పబోయాడు. "నువ్వుండు తాతా" అనేసింది ఆ పిల్ల. "షేర్ ఆటోలోళ్లు నా కర్రలు చూసి ఆపకుండా పోతాండారు మేడం. ఇది కలెక్టరుకు చెప్పల్లంటే ఆఫీసు కాడికి నేనే వస్తా, నేనే చెప్తా" అంది. నాకు కడుపు రగిలిపోయింది ఆ ఆటోల గురించి కాదు, ఆ "నువ్వుండు" గురించి. ఆ ఒక్క మాట ఆనాడు నా నోటికి వచ్చి ఉంటే!

అంతలో ఆవిడ నా వైపు తిరిగి, మీకేం కావాలమ్మా అని అడిగింది. ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన ప్రశ్న. "దీనికేం వద్దు మేడం" అన్నాను.

ఆవిడ అర్థం కాక, దేనికమ్మా అంది. నేను కాలు చీర కిందికి లాక్కున్నాను. కాలం మారింది, అడిగే తీరూ మారింది, అడిగించుకునే పిల్లలూ మారారు. నా వంతు వచ్చేసరికి మాత్రం 'నాకు' అనే మాటే నాకు తోచలేదు.