పేరు రాయని స్లైడు

మొన్న ఏలూరులో మా చెల్లెలి మనవరాలి పెళ్ళి విందుకి వెళ్ళి భోజనానికి కూర్చుంటే, వడ్డించిన సాంబారు ప్రతి ఆకులోనూ ఒకే వైపుకి పారుతుంటే, ఎక్కడ కూర్చున్నానో అప్పుడు గుర్తుపట్టాను. పైకప్పుకి పూలు వేలాడదీసి ఫంక్షన్ హాలు అని పేరు పెట్టారుగానీ నేల వాలు మాత్రం మార్చలేకపోయారు, అది మా పాత సినిమా హాలే. తెర ఉన్న చోట పెళ్ళికొడుకు కూర్చున్నాడు, నేనేమో ఆడవాళ్ళ బెంచీల చోట.

మా వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, హాల్లో ఉన్న ఎవరికైనా ఇంటి నుంచి కబురొస్తే, ఫలానా ఊరి ఫలానా వారు వెంటనే బయటకు రావలెను అని తెర మీద స్లైడు వేసేవారు. కొల్లేటి ఊళ్ళ నుంచి పడవా బస్సూ ఎక్కి వచ్చే జనానికి కబురందించాలంటే మరో దారి లేదు. గాజు పలకకి దీపం మసి పట్టించి సూదితో గీస్తే, అక్షరాలు తెర మీద తెల్లగా పడతాయి. ఆడవాళ్ళ టిక్కెట్ల కౌంటర్లో చేరిన నాకు, చేతిరాత గుండ్రంగా ఉందని మేనేజరుగారు ఆ పనీ అప్పగించారు.

ఆ ఉద్యోగం వల్లే నాన్నగారు నాతో మాట్లాడటం మానేశారు. ఆయన మా చర్చిలో సంఘపెద్ద. సినిమా చూడటం పాపమని ఆదివారాలు నిలబడి చెప్పే మనిషికి, కూతురే హాల్లో టిక్కెట్లిస్తుంటే తల కొట్టేసినట్టయింది. ఏడాదిపాటు ఒకే ఇంట్లో ఉంటూ అమ్మ ద్వారానే మాట్లాడుకున్నాం. మొండితనంలో నేనేం తక్కువ తినలేదు లెండి.

ఒకరోజు మ్యాట్నీ సగంలో ఉండగా చెల్లి ఏడుస్తూ వచ్చింది. అమ్మ నూతి దగ్గర జారిపడి తుంటి విరిగింది, ఆపరేషనుకి నాన్నగారు సంతకం పెట్టాలి, ఆయనేమో సంఘం పని మీద తాడేపల్లిగూడెం వెళ్తున్నానని చెప్పి వెళ్ళారు. రైలెక్కేవాళ్ళ చేత కబురు పంపుదామని స్టేషనుకి బయలుదేరిన నాకు, సైకిల్ స్టాండులో ఆకుపచ్చ తొడుగు వేసిన సీటు కనబడింది. ఆ తొడుగు నాన్నగారి సైకిలుకని అమ్మ కుట్టింది, అంటే ఆయన లోపల సినిమా చూస్తున్నారన్నమాట. ముందు నవ్వొచ్చింది. తెర మీద ఆయన పేరు పడితే ఇక సంఘపెద్దగా నిలబడలేరు, హాల్లో మా చర్చివాళ్ళని ఎరిగినవాళ్ళు బోలెడుమంది. నా ఏడాది కోపానికి అంతకంటే మంచి అదను దొరకదు. అబద్ధమెందుకు, ఆయన పేరులో మొదటి అక్షరం గీసేశాను కూడా.

తర్వాత ఆ పలక తుడిచి, మళ్ళీ మసి పట్టించి, సైకిలు హ్యాండిలుకి వేలాడుతున్న టోకెను నంబరు వేసి, ఆ సైకిలు గల వారు వెంటనే బయటకు రావలెను అని మాత్రం గీశాను. ఆపరేటరుగారు ఆట ఆపి ఆ స్లైడు తెర మీద వేశారు.

నాన్నగారు తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి, నన్ను చూసి ఆగిపోయారు. అమ్మ సంగతి చెప్పాను. చెల్లిని ముందు కడ్డీ మీద, నన్ను వెనకాల ఎక్కించుకుని తొక్కారు. ఆసుపత్రి దగ్గర దిగాక, నా వైపు చూడకుండా, "నీ రాత చూడ్డానికే అప్పుడప్పుడూ వస్తున్నానమ్మా" అన్నారు. స్లైడ్ల కోసమే అయితే ఆట సగందాకా ఎందుకు కూర్చున్నారని నేను అడగలేదు. అమ్మ లేచి తిరిగింది, ఆయన మళ్ళీ నాతో మాట్లాడారు, నాకదే చాలు.

విందు మధ్యలో మైకులో ఎవరో, ఫలానా నంబరు కారు గేటుకి అడ్డంగా ఉందండీ, కాస్త తీయండి అని పిలిచారు. నేనూ చెల్లీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నాన్నగారి సైకిలేమో అక్కా, చూసి రా" అంది.

ఇద్దరం నవ్వాం. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లు, ఎవరెక్కడున్నదీ ఇట్టే తెలిసిపోతుంది, ఆయన్నైతే మొదటి రోజే పట్టిచ్చేసేవి. కబురు పంపడం ఇంత తేలికైపోయిన ఈ రోజుల్లో, ఏ నంబరు రాస్తే, ఎప్పుడో కన్నుమూసిన ఆయన బయటికొస్తారో మా ఇద్దరికీ తెలియదు.