పేర్రాజు గారి టేకు కాలువలు

మా సెక్షన్ ఆఫీసు పక్కన ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. ఈ ఉదయం అక్కడ వడ్రంగి గుమ్మం చెక్కకు చిత్రిక పడుతుంటే టేకు పొట్టు వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. చేతిలో ఫైలు అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. ఆ వాసన వస్తే నాకు రాజమహేంద్రవరంలో ఒక మేడ మీది రేకుల గది, అందులో కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని మిషను ముందు కూర్చున్న పేర్రాజు గారు గుర్తొస్తారు.

కాలువల శాఖలో నేను ఇంజనీరుగా చేరినప్పుడు ఆయన నాకు పై అధికారి. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. "కోపం మంచిదేనమ్మా, గట్టు దాటకుండా చూసుకో" అనేవారు. రిటైరయ్యాక తీర్థయాత్రలకు వెళతారని అందరం అనుకుంటే, ఆయన ఒక సన్నరంపం మిషను కొన్నారు. చూడటానికి కుట్టుమిషనులా ఉంటుంది. సూది ఉండాల్సిన చోట దారమంత బ్లేడు పైకీ కిందకీ ఆడుతుంటుంది. అది ఉన్న చోటు వదలదు, చెక్కనే చేత్తో తిప్పుకుంటూ పోవాలి. దాంతో ఆయన చిలకలూ వినాయకుళ్ళూ చేయలేదు. గోదావరి డెల్టా కాలువల పటాలు చేసేవారు. పలుచని టేకు పలక మీద కాగితం పటం అతికించి, కాలువల మధ్య ఉన్న నేలనంతా ముక్కలుగా కోసి తీసేసేవారు. చివరికి ఎండిన రావి ఆకులో ఈనెల్లా కాలువలు మాత్రం మిగిలేవి. చట్రానికి ఒక పక్క ఆనకట్ట, మరో పక్క సముద్రం.

ఆయన భార్య మహాలక్ష్మి గారు కాఫీ తెచ్చి ఇస్తూ నాతో మొర పెట్టుకునేవారు. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంటినిండా బురద. ఇప్పుడేమో పొట్టు. ఈయన కాలువలు నన్ను వదలవమ్మా!" ఆయన పొట్టు ఊదుకుంటూ నవ్వేవారు.

నాకు సొంతంగా సెక్షన్ అప్పగించిన తొలి దాళ్వాలో, ఆ రెండో పంట కాలంలో, నదిలో నీళ్ళు తగ్గాయి. కాలువకు వంతులు పెట్టారు. ఎగువ రైతులూ, చేపల చెరువుల వాళ్ళూ రోజూ ఆఫీసుకొచ్చి కూర్చునేవారు. ముందు వాళ్ళకిచ్చి నోరు మూయించి, మిగిలింది శివారుకు, అంటే కాలువ చిట్టచివరి పొలాలకు, పంపుదామనుకున్నాను. మిగిలేదేమీ లేదు. ఒకరోజు శివారు నుంచి ఒక రైతు వచ్చాడు. కేకలు వేయలేదు. "చేను పొట్ట మీదుందండి మేడమ్ గారూ, ఈనే టైము. ఈ వంతుక్కూడా నీళ్ళు రాకపోతే ఇంక మాకు గడ్డేనండి" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ దండం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆదివారం పొద్దున్నే రాజమహేంద్రవరం బస్సెక్కాను.

అంతా విని పేర్రాజు గారు ఒక చిన్న పలక నా చేతిలో పెట్టారు. దాని మీద మా సెక్షన్ కాలువ పటమే అతికించి ఉంది. "ముందిది కొయ్యమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నీళ్ళ గురించి అడగడానికొస్తే చెక్క ఇస్తారేంటని. అయినా కూర్చున్నాను. ఎగువనున్న పెద్ద పెద్ద ముక్కలు చకచకా కోసి పారేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా. శివారుకొచ్చేసరికి పలకలో బలం లేదు. బ్లేడు తగలగానే గజగజ వణికింది. అగ్గిపుల్లంత కాలువ టక్కున విరిగి నా ఒళ్ళో పడింది.

"సులువైంది ముందు చేసేశావు" అన్నారాయన. "శివారు ముందు కొయ్యాలమ్మా. చుట్టూ చెక్క గట్టిగా ఉన్నప్పుడే సన్నది నిలబడుద్ది. పైనంతా ఖాళీ చేసేశాక కిందకేం మిగులుద్ది?"

"నీళ్ళూ అంతేనాండీ?"

"నేను చెక్క సంగతే చెబుతున్నాను" అని నవ్వారు. నేను మెట్లు దిగుతుంటే మాత్రం పైనుంచి వంగి అన్నారు. "తూములు దించే రోజు నాకో ఫోను కొట్టు."

ఆ వంతుకు, ముందు ఆయనకు ఫోను కొట్టి, ఎగువ తూముల తలుపులన్నీ దింపించి నీళ్ళు తిన్నగా శివారుకు వదిలాను. అక్కడ తడిశాక, కింది నుంచి పైకి ఒక్కొక్కటీ తెరవాలన్నది ఏర్పాటు. కాసేపటికే తూము దగ్గరి వంతెన నిండా జనం. "మా పొలం పక్క నుంచే పోతుంటే మేం చూస్తా కూర్చోవాలాండీ?" అని ఒక పెద్ద ఆసామి నా మీదికి వచ్చాడు. నా కోపం గట్టు దాటబోతుండగా ఒక ఆటో ఆగింది. అందులోంచి పేర్రాజు గారు దిగారు, వెనకే ఒక మడత కుర్చీ, కాఫీ ఫ్లాస్కు దిగాయి. తూము పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"మీరు రిటైరైపోయారు కదండీ, మీకిక్కడేం పనండీ?" అన్నాడు ఆసామి.

"నీళ్ళు చూద్దామని వచ్చానండి. కాఫీ తాగుతారా?"

పొద్దు వాలేదాకా ఆయన అక్కడి నుంచి లేవలేదు. నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పాల్సిందంతా నా చేతే చెప్పించారు. ఆయన అక్కడ కూర్చుని ఉన్నారన్న ధైర్యంతోనే నేను అరవకుండా చెప్పగలిగాను. శివారు చేలు ఈనాయి. ఎగువ చేలూ ఎండలేదు, వాటి వంతు కాస్త ఆలస్యమైందంతే.

మూడేళ్ళ కిందటి వర్షాకాలంలో ఆయన కన్నుమూశారు. పెద్దకర్మ నాడు మహాలక్ష్మి గారు నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి, మిషను మీదున్న పలక తీసి నా చేతిలో పెట్టారు. డెల్టా మొత్తం పటం. ఆయన చేసిన వాటిలో అదే పెద్దది. "సగంలో వదిలేసి పోయారమ్మా" అని ఏడ్చారు. నేను వేళ్ళతో తడిమి చూశాను. శివారు కాలువలన్నీ పూర్తయ్యాయి, ఒక్క పుల్ల విరగలేదు. ఆనకట్ట వైపే పలక ఇంకా కొయ్యకుండా అలాగే ఉంది.

"కష్టమైందంతా చేసేశారండీ. సులువైందే మనకు వదిలారు" అన్నాను. అని, నేనూ ఏడ్చాను.

దాన్ని నేను పూర్తి చేయలేదు, చేయను కూడా. ఆఫీసులో నా కుర్చీ వెనక గోడకు తగిలించాను. దాళ్వా వచ్చిందంటే ఎగువ నుంచి ఎవరో ఒకరు వచ్చి కూర్చుని, ఆ పటంలో తమ ఊరి కాలువ కోసం వెతుక్కుంటారు.

"మాదెక్కడండి మేడమ్ గారూ? కనపడదేంటండి?"

"అదింకా చెక్కలోనే ఉందండి. శివారయ్యాక మీదే" అంటాను. ఆ మాట అనేటప్పుడు నాకిప్పుడు కోపం రావడం లేదు. కాఫీ తాగుతారా అని కూడా అడుగుతున్నాను.