పక్కింటి పేరు మీద ఎలుక

2006 జూన్‌లో నన్ను ఏలూరు నుంచి కైకలూరుకు మూడు నెలల డెప్యుటేషన్ మీద పంపారు. హోదా సీనియర్ జంతుశాస్త్ర సహాయకుడు. పని చిట్టెలుకల్ని పట్టడం. మా ఆవిడ ఈ సంగతి చుట్టాలెవరికీ చెప్పలేదు.

చిట్టెలుకల్లో ఉపజాతులున్నాయి. చూస్తే తేడా తెలియదు. అందుకని తోక చివర కాస్త కత్తిరించి, ఆల్కహాలు సీసాలో వేసి, దొరికిన చోటు చీటీ మీద రాసి ల్యాబుకు పంపాలి. అక్కడ మైటోకాండ్రియా డీఎన్ఏ చదువుతారు. అది తల్లి నుంచే వస్తుంది కాబట్టి తల్లి తరఫు వంశం బయటపడుతుంది.

చిక్కంతా చీటీతోనే. తమ ఇంట్లో ఎలుక ఉందని ఒప్పుకోవడం అక్కడ పరువు తక్కువ. చేపల మేత కొట్టు సత్యనారాయణగారు బోను నా చేతికిస్తూ, "ఇది పక్క హాస్టలు వంటగదిలోంచి వచ్చిందండీ, వాళ్ల పేరే రాసుకోండి," అన్నారు. కాఫీ ఇప్పించారు. తాగి, రాశాను.

రెండు నెలలకు ఫలితాలొచ్చాయి. అన్నీ మన వైపు ఉపజాతే. ఒక్కటి మాత్రం ఐరోపాది, ఓడ సరుకుతో దిగే రకం. చీటీ మీద బాలికల హాస్టలు వంటగది అని ఉంది. మా పై అధికారి 'విదేశీ ఎలుక' అని నివేదిక పంపారు. దాన్ని చూసిన ఆరోగ్యశాఖ వారు వంటగదికి తాళం వేయించారు. స్వదేశీ ఎలుకలున్న వంటగదుల జోలికి ఎవరూ పోలేదు.

హాస్టలు నడిపే సుగుణమ్మగారు రిటైరైన టీచరు. నేను వెళ్లేసరికి వానలో చర్చి వరండాలో పొయ్యి పెట్టి నలభై మంది పిల్లలకు వండుతున్నారు. గొంతు పెంచలేదు.

"మా వంటగదిలో బోను ఎక్కడ పెట్టారో చూపించండి బాబూ," అన్నారు.

నేనక్కడ బోనే పెట్టలేదు. ఆ మాటే చెప్పాను.

తాళం తీయించి వంటగదిలోనూ మేత కొట్టులోనూ నేనే బోన్లు పెడతానన్నాను. తాళం వేసినవారు ఒక్క రాత్రికి ఒప్పుకున్నారు. వంటగదిలో ఏమీ పడలేదు. మేత కొట్టులో నాలుగు పడ్డాయి. సీసాలు నేనే మోసుకెళ్లి ల్యాబులో కూర్చున్నాను. నాలుగింటిదీ అదే ఐరోపా తల్లి వంశం.

"బస్తాలతో వచ్చుంటాయండీ, మావి కావు," అన్నారు సత్యనారాయణగారు.

ల్యాబు ఫలితం సవరించడానికి ఫారం ఉందట గాని, మా చీటీ సవరించడానికి లేదట. చివరికి ఎలుక నివాసం మార్చుకున్నట్టు నోటు పెట్టి, పదకొండో రోజున తాళం తీశారు. నాకు మందలింపు మెమో వచ్చింది. అది న్యాయమే.

డీఎన్ఏ మొదటిసారే నిజం చెప్పింది. అబద్ధం ఉన్నది నా దస్తూరీలో. ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ నేను పెట్టని బోనుకు చీటీ రాయలేదు. చీటీ రాసే చోట కాఫీ తాగలేదు.