అక్క కుర్చీ

ఇన్నేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. రాష్ట్రం విడిపోకూడదని అప్పట్లో గట్టిగా వాదించినవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. అందులో నాకు సిగ్గేమీ లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది.

విభజన బిల్లు పార్లమెంటుకు వస్తుందంటున్న రోజులవి. మా వైపు ఎంపీ ఒకాయన అమెరికా వస్తే, ఇక్కడ నేనుండే ఇర్వింగ్‌లో బాంక్వెట్ హాల్ బుక్ చేసి ఆదివారం మధ్యాహ్నం మీటింగ్ పెట్టాను. అందరి మాటా వింటానన్నాడాయన. నా ఆఫీసులో పనిచేసే యాదగిరిది నల్లగొండ. అతన్నీ పిలిచాను, పెద్దమనిషినని అనిపించుకోవాలిగా! అప్పుడు వాళ్ళ అక్క చుట్టపుచూపుగా వచ్చి వాళ్ళింట్లో ఉంది. చిన్నప్పట్నుంచీ ఊళ్ళో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయిన మనిషి. ఆవిడ కూడా వచ్చి మాట్లాడుతుందంటే సరేనన్నాను. ముందు వరసలో కుర్చీ వేయించాను కూడా.

ఆదివారం పొద్దున హాల్లో మైకు సరిచేస్తుంటే బుర్రలో పురుగు దొలిచింది. నా దగ్గర లెక్కలున్నాయి, రాజ్యాంగం పాయింట్లున్నాయి, శాసనసభ ఒప్పుకోకుండా ఎలా విడగొడతారన్న ప్రశ్న ఉంది. ఆవిడ ఆ కాళ్ళతో లేచి నిలబడి, మా నీళ్ళ సంగతి మమ్మల్నే తేల్చుకోనివ్వండి అంటే, వీటిలో ఏది నిలబడుతుంది? ఫోన్ తీశాను.

"మీటింగ్ క్యాన్సిలయింది యాదగిరీ. ఆయన ఫ్లైట్ మిస్సయ్యాడు."

"అయ్యో! అక్క పొద్దుగాలనే కొత్త చీర కట్టుకొని కూసున్నదన్నా."

"ఏం చేస్తాం, మన చేతుల్లో లేదుగా."

"పోనీతీ అన్నా. ముందుగాలనే చెప్పినవు, మంచిగయింది. లేకుంటే ఉత్తగనే అంత దూరం డ్రైవ్ చేసుకుంట వస్తుంటిమి."

నేను పిలిచినవాళ్ళలో ఆ వైపువాళ్ళు వాళ్ళిద్దరే. మీటింగ్ అనుకున్న టైంకే జరిగింది. చివర్లో ఎంపీ, విడిపోదామనేవాళ్ళు ఈ హాల్లో ఒక్కరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేవలేదు. ముందుగా చప్పట్లు కొట్టింది నేనే.

మర్నాడు సంగతి తెలిసి యాదగిరి అడిగాడు. ఆయన వేరే ఫ్లైట్‌లో దిగాడనీ, నీకు చెప్పే టైం లేకపోయిందనీ బొంకాను. నమ్మాడు. ఆ వారమే ఇండియా వెళ్ళిపోతూ అక్క నాకు సకినాలు పంపింది. ఎలా తిన్నావని అడుగుతారేమో, శుభ్రంగా తిన్నాను.

చివరికి రాష్ట్రం ఎలాగూ విడిపోయింది కదా, ఆవిడ కోరుకున్నది ఆవిడకు దక్కింది కదా, నావల్ల ఆవిడకు పోయిందేమిటని నాకు నేనే ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో! కుదరలేదు. ఆవిడ నన్ను రాష్ట్రం అడగలేదు. మైకు దగ్గర కాసేపు నిలబడతానంది, అంతే. అదీ ఇవ్వలేకపోయాను. అంత గట్టి వాదన నాదైతే ఎందుకు భయపడ్డాను?

కొత్త రాష్ట్రం వచ్చిన రోజు యాదగిరి ఆఫీసుకు మైసూర్‌పాక్ తెచ్చి మొదట నాకే పెట్టాడు. మీ ఆఫీసు అన్న బాధపడుతున్నాడేమో అడగమని అక్క ఫోన్‌లో చెప్పిందట. లేదన్నాను. నిజమే, ఓడినందుకు బాధ లేదు. ఆవిడ మాట విని, ఎదురు చెప్పలేక ఓడి ఉంటే బాగుండేది.

క్షమించమని అడగను, ఆ హక్కు నాకు లేదు. ఇక్కడికి చెప్పేసరికి మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆయన ఏ ఫ్లైటూ మిస్సవలేదక్కా. నీ కుర్చీ నేనే తీయించేశాను.