రాళ్ళేరిన వెలుగు

నాంపల్లి ఎగ్జిబిషన్ దుకాణాలకు దీపాలమర్చడంలో బాలరాజుకు ఘనమైన పేరుంది. అతడు తీగ లాగిన దుకాణంలో సరకు మీద ఈగంత నీడ కూడా పడదు. ఆ నేర్పే సినిమా విద్య దగ్గర అతనికి అడ్డువచ్చింది.

నలభై దాటాక అతనికి సినిమాలకు వెలుగు కూర్చడం నేర్వాలన్న తపన కలిగింది. ఇంటివారినే నటులను చేసి, ఫోనుతో చిన్న చిత్రాలు తీసి, అబిడ్స్‌లో ఎడిటింగ్ గది నడిపే యువ కెమెరామన్ శశికిరణ్‌కు చూపేవాడు. మొదటిది చూసి శశికిరణ్ నవ్వాడు. రెండవది చూసి నవ్వలేదు.

"బాలరాజన్నా, మొఖం గిట్ల సున్నమేసిన గోడలెక్క ఉంటే మనిషని ఎట్ల నమ్మాలె? సోమవారం కొత్త సినిమా మొదలు. లైట్ల పనికి ఒక్కరే కావాలె. ఐతారం దాంక సూస్త, గంతే."

శనివారం ఉదయం బాలరాజు తల్లి లక్ష్మీనర్సమ్మను చాపమీద కూర్చోబెట్టి, చేతికి బియ్యపు చాట ఇచ్చి, చుట్టూ ఆరు దీపాలు నిలిపాడు. బియ్యం ఏరుతూ ఆమె ఏదో తలచుకొని నవ్వాలి, అంతే కథ.

"ఏందిరా, నా మొఖానికి పెండ్లిపందిరేసినవ్?"

"నువ్వు ఏరవే అమ్మా!"

ఆమె చాటలోకి వంగి చూసింది. "ఒక్క రాయి కానొస్తలేదు."

"గింత వెలుగులనా? దవాఖానల కండ్లు సూపిద్దాం పా."

"నా కండ్లు మంచిగనే ఉన్నయ్. నీ లైట్లకే మందెయ్యి. అన్ని దిక్కులకెళ్లి వెలుగు కొడితే రాయి ఎట్ల దొరుకుతదిరా? అన్నంల వస్తే పన్ను పోయేది నాదే!"

వంటింట్లో భార్య రాణి పకపకా నవ్వింది.

లక్ష్మీనర్సమ్మ లేచి కిటికీ పక్కకు జరిగి, చాటను ఏటవాలుగా పట్టింది. పక్కనుంచి వాలిన ఎండలో ప్రతి గింజా తన నీడతో విడివిడిగా నిలిచింది. మూడు రాళ్ళేరి చేతిలో చూపి, "ఇగో!" అని గెలిచినదానిలా నవ్వింది.

బాలరాజు చూపు రాళ్ళ మీద నిలవలేదు. వెలుగున్న చెంప మీద ముడుతలు, నీడలోని కన్ను, వాటి నడుమ ఆ నవ్వు. వెలుగును ప్రసాదించిన పరమాత్మ నీడను ఊరకే పుట్టించడు గదా అనిపించి, ఆరు దీపాలూ ఆర్పేశాడు.

అవతలి చెంప మరీ చీకటిగా తోచింది. అలవాటు చొప్పున చేయి స్విచ్చు దాకా వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాడు. ఉతికిన తెల్ల పంచెను ఆ వైపున రాణి చేత పట్టించాడు.

"జర దూరం... ఇంకా... ఔ, గాడనే!"

కిటికీ వెలుగు పంచెకు తగిలి, పలుచగా తిరిగివచ్చి చెంపను తాకింది.

"జల్ది తియ్యి, చేతులు గుంజుతున్నయ్!" అంది రాణి.

ఆదివారం శశికిరణ్ ఆ చిత్రాన్ని మూడు మార్లు చూశాడు. "ఎన్ని లైట్లు పెట్టినవన్నా?"

"ఒక్కటి గూడ లేదు సార్. కిటికీ, ఒక పంచె."

"కిటికీని సెట్టుకు మోసుకపోలేం గదా?"

బాలరాజు తడబడలేదు. "పోలేం సార్. గానీ వెలుగు ఏడికెళ్లి వచ్చిందో యాదికున్నది. గాడ ఒక్క లైటు నిలబెడ్త."

శశికిరణ్ చేయి చాచాడు. "రేపు పొద్దుగాల ఆరింటికి రా. మొదట కేబుళ్ళు మోయాలె మరి."

"మోస్త సార్!"

మెట్లు దిగి అబిడ్స్ వీధిలోకి వచ్చిన బాలరాజు, పాతపుస్తకాల వరుసలో ఒక ముసలాయన ముందు ఆగిపోయాడు. పరదా సందునుంచి ఎండ ఆయన చెంపను సగమే తాకుతోంది.

"ఏం బుక్కు కావాలె?"

"ఏం వద్దు తాతా. జర గట్లనే కూసో."