ఉష్షమ్మ రిజిస్టరు

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఇరవయ్యేడేళ్ళుగా ఆ గ్రంథాలయంలో ఎవరు గొంతు పెంచినా పెదవుల మీద వేలు పెట్టి "ష్" అంటూ వచ్చింది కాబట్టి ఉష్షమ్మ అనే పేరే నిలిచిపోయింది. చదువుకునే హాలు గోడకి రెండు బోర్డులుంటాయి. ఒకటి 'నిశ్శబ్దం'. రెండోది 'రాజకీయ చర్చలు నిషేధం'. ఆ రెండోది ఆవిడే సొంత చేత్తో రాసి, మేకు కొట్టి తగిలించింది.

అలాగని ఆవిడకి రాజకీయాలు పట్టవనుకునేరు. ఇంటికెళ్ళి చూడాలి ఆ సంబరం. సాయంత్రం చెప్పులు విడవడమే ఆలస్యం, మొదలు పెట్టేది. మందుల్లేని ఆస్పత్రికి రంగులు వేయించిన వాళ్ళనీ, ఒకే బడికి మూడుసార్లు శంకుస్థాపన చేసి ఒక్క ఇటుకైనా పేర్చని వాళ్ళనీ ఉతికి ఆరేసేది. ఈ పార్టీ ఆ పార్టీ అని లేదు, అందరికీ సమానంగా వడ్డించేది. బస్సు డిపోలో మెకానిక్కు అయిన భర్త కాళ్ళు చాపుకుని అంతా విని, "పగలంతా మింగి కూర్చున్నది నా మీద కక్కుతావేం? నేనేమైనా మంత్రినా?" అనేవాడు.

అలాంటి మనిషి చేతికి ఒక గురువారం పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రోజుకి సగటున తొమ్మిది మంది పాఠకులే వస్తున్నారట. కాబట్టి హాలును వార్డు సభ్యుడి కార్యాలయానికి ఇచ్చి, పుస్తకాలను గోదాముకు తరలించే ఆలోచన ఉందట. మంగళవారం తనిఖీకి వస్తారట.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. కిందటేడు ఇదే సభ్యుడు ఇదే హాలులో, పుస్తకమే తన ప్రాణమని మైకులో ముప్పావుగంట ఊదరగొట్టాడు. చప్పట్లు కొట్టించుకుని, తనకి బహుమతిగా ఇచ్చిన పుస్తకాన్ని కుర్చీలోనే మరిచిపోయి కారెక్కాడు. ఆ పుస్తకాన్ని దుమ్ము తుడిచి బీరువాలో పెట్టింది ఈవిడే. ఇప్పుడా పెద్దమనిషికి కూర్చోవడానికి చోటు చాల్లేదు కాబోలు!

తిట్టుకుంటూనే గుమ్మం దగ్గరి రిజిస్టరు తెరిచింది. లోపలికి వచ్చిన ప్రతి మనిషీ అందులో సంతకం పెట్టాలి. ఆ సంతకాలే పాఠకుల లెక్క. నిన్న ఎనిమిది, మొన్న పది. ఉత్తరంలో అబద్ధమేమీ లేదు. 

కానీ అసలు జనం వచ్చేది వెనక వరండాకి. రోజూ పదకొండింటికి, వీధులు ఊడ్చి పని దిగిన ఆడవాళ్ళూ, కూరగాయల బండ్లవాళ్ళూ, బరువులు మోసేవాళ్ళూ ముప్ఫై మందికి తక్కువ కాకుండా చేరతారు. ఆవిడ పేపరు పైకి చదివితే వింటారు. ఆ తర్వాత ఆస్పత్రి చీటీలు, అర్జీలు, ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసులు చదివించుకుంటారు. హాలులో గొంతెత్తకూడదు కాబట్టి వరండా.

వాళ్ళెవరికీ సంతకం రాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకామె వస్తే, రూలు ప్రకారం వేలిముద్ర కోసం ఈవిడ సిరా ప్యాడ్ ముందుకి జరిపింది. పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆమె చేతులు వెనక్కి దాచుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఇంకెవరికీ ఆ అవమానం వద్దనుకుని ఉష్షమ్మ ఆ ప్యాడ్‌ను సొరుగులో పడేసింది. మంచిపని చేశాననే ఇన్నేళ్ళూ అనుకుంది.

సోమవారం వరండాలో పేపరు మడిచి పక్కన పెట్టి, జరిగిందంతా చెప్పింది. రేపు అందరూ వేలిముద్రలు వేయాలని అడగడానికి నోరు పెగల్లేదు. మిమ్మల్ని చిన్నబుచ్చడం ఇష్టం లేకే ఇన్నాళ్ళూ రాయించలేదని గొణిగింది.

ఊడ్చేవాళ్ళందరికీ పెద్ద, మేస్త్రక్క అంటారు, ఆమె మెల్లగా లేచింది.

"అంటే పదమూడేళ్ళుగా వస్తున్నా ఈ పుస్తకంలో నేను లేనా మేడం?"

"నీ మంచికే అక్కా..."

"మా వేలికి సిరా అంటితే సిగ్గుపడింది మీరు. మేం కాదు."

ఉష్షమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. ఆ సాయంత్రం ఇంట్లో మంత్రుల్నెవర్నీ తిట్టలేదు. వాళ్ళు లెక్కలోకి రానివ్వని జనాన్ని నేను మాత్రం లెక్కలో రాశానా అని భర్త దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతను ఈసారి వేళాకోళం ఆడలేదు.

మంగళవారం వాళ్ళు మొదటిసారి ముందు గుమ్మంలోంచి వచ్చారు. ఒక్కొక్కరూ ప్యాడ్ మీద బొటనవేలు అద్ది, రిజిస్టరులో గట్టిగా నొక్కి, హాలులో బల్లల దగ్గర కూర్చున్నారు. నలభై ఒక్క ముద్రలు. తనిఖీకి వచ్చిన అధికారి పేజీ చూసి, చదవడం రానివాళ్ళని పాఠకులని ఎలా అంటామండీ అని మర్యాదగానే నవ్వాడు.

"ఈ హాలు అడుగుతున్న ఆయన్ని గెలిపించింది ఈ వేళ్ళే," అంది ఉష్షమ్మ. ఆ రెండు బోర్డుల కిందే నిలబడి, గొంతు తగ్గించకుండా. "ఆ రోజు చదువొచ్చా అని ఎవరూ అడగలేదు. ఇవాళ మీరెందుకు అడుగుతున్నారు?"

అతని నవ్వు పోయింది. చాలాసేపు పేజీలు తిప్పి, ఒక్కరోజుతో సగటు మారదనీ, తప్పు ఆవిడదేననీ అన్నాడు. అవునని ఒప్పుకుంది. చివరికి, మూడు నెలల రిజిస్టరు చూశాకే నిర్ణయమని రాసి సంతకం పెట్టాడు. అంతకంటే ఆవిడా అడగలేదు.

పదకొండయింది. ఉష్షమ్మ పేపరు విప్పి, ఇరవయ్యేడేళ్ళలో మొదటిసారి ఆ హాలులో పైకి చదవసాగింది. మూలన అధికారి ఫోనులో సభ్యుడికి సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. "లేదు సార్, మూడు నెలలు ఆగాలి... ఎవరో వేలిముద్రల వాళ్ళు సార్..."

మేస్త్రక్క అతనివైపు తిరిగి, సిరా ఆరని వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"ష్," అంది. "చదువుకుంటున్నాం."