మాగేసిన కర్రపెండలం

ఇందులో ప్రతి అక్షరం నిజమని నా సర్వీసు రిజిస్టరు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను.

పెట్రోల్లో ఇథనాల్ కలపడం ఊపందుకున్న రోజుల్లో, నేను వాలంటరీ రిటైర్మెంట్ తీసుకోవడానికి రెండేళ్ల ముందు, ఒక జూన్‌లో మా ఇంధన కంపెనీ నన్ను ఫీల్డ్ కెమిస్టుగా నూజివీడు వేసింది. లేత మామిడి తోటల్లో చెట్ల వరసల మధ్య కర్రపెండలం వేయించాలి. సగ్గుబియ్యం చేసే దుంపే అది. అందులోని పిండిని ముందు చక్కెరగా, ఆ చక్కెరను ఈస్టుతో ఇథనాల్‌గా మారుస్తారు. షరతు ఒకటే: తవ్విన రెండు రోజుల్లో దుంప ఫ్యాక్టరీ చేరాలి. లేకపోతే లోపల నీలి చారలు పడి నల్లబడుతుంది.

నా మాట నమ్మి ఎకరం వేసినవారు సుబ్బారావు గారొక్కరే. మిగతా రైతులు గట్టున నిలబడి చూశారు. ఆయన లోడు పాసైతే నూజివీడులో కొనుగోలు కేంద్రం వస్తుంది. ఫెయిలైతే ఆయన నవ్వులపాలు, నేను బదిలీ.

ఫిబ్రవరిలో తవ్వారు. మైలవరం నుంచి రావలసిన లారీ నాలుగు రోజులు ఆలస్యమైంది. ఐదో రోజు మా మేనేజరుతో వెళ్లేసరికి పాకలో దుంపలు లేవు, వరిగడ్డి గుట్ట ఉంది.

“మాగేశామండీ,” అన్నారు సుబ్బారావు గారు. “పిండి తీపెక్కితేనే ఇంధనమని మీరే కదండీ అన్నారు? గడ్డిలో వెయ్యకుండా తీపెలా ఎక్కుద్ది?”

ఆయన భార్య రత్తమ్మ గారు నవ్వాపుకోలేకపోయారు. “పొద్దునా సాయంత్రం వాసన చూస్తానే ఉన్నారండీ. చిన్నరసాలనుకున్నారు కాబోలు!”

మేనేజరు ఒక దుంప విరిచారు. నీలి చారలు. ఇక తూకమే దిక్కు. దుంపల్ని ముందు గాల్లో, తర్వాత నీళ్లలో ముంచి తూస్తాం. నీళ్లలో బరువు ఎంత నిలిస్తే పిండి అంత ఉన్నట్టు. కుళ్లినవి ఏరేసి తూస్తే, ముల్లు కనీస హద్దు దగ్గర కాసేపు ఊగి, కాస్త పైనే ఆగింది. సగ్గుబియ్యానికైతే తెలుపు కావాలి గానీ బండికి రంగుతో పనేముందంటూ మేనేజరు సంతకం పెట్టారు. కొనుగోలు కేంద్రం వచ్చింది.

ఇక ప్రమాణం సంగతి. సుబ్బారావు గారి జవాబు నేను కల్పించింది. లారీ రాదని తెలిసి, “ఈలోగా మాగెయ్యండి,” అని ఫోన్‌లో చెప్పింది నేనే. నేను పుట్టింది మామిడి తోటల్లో. కోసిన పంట ఆగిపోతే నోటికొచ్చే మాట అదొక్కటే. “దుంపలు మాగుతాయాండీ?” అని ఆయన రెండుసార్లు అడిగారు కూడా. ఆ రోజు మేనేజరు ఎదుట ఆయన నా పేరెత్తలేదు, నా వైపు చూశారంతే.

రైతు ఒకే ప్రశ్న రెండోసారి అడిగాడంటే, తప్పు మన జవాబులో ఉందని అర్థం.